అరవై వేల ఏళ్ల శాపం చదవడమెలా?

ఎల్లారెడ్డి నుంచి మెదక్ పోయే దారిలో కామారెడ్డి జిల్లా నాగిరెడ్డిపేట మండలం తగులుతుంది. పోచారం ప్రాజెక్టు, అక్కడి అడవి చూడటానికి జనం ఆ దారిన బాగానే పోతుంటారు. ఆ మండలంలోనే మాల్‌తుమ్మెద అనే ఊళ్లో ఒక బండ మీద చిన్న రాత ఉంది. కొత్త తెలంగాణ చరిత్ర బృందం దాన్ని వెలుగులోకి తెచ్చింది. బ్రాహ్మీ నుంచి దిగివచ్చిన పాత లిపిలో చెక్కిన ఆ రాతలో ఉన్నది ఒక పేరు మాత్రమే: మాధవచంద. అక్షరాల పోకడను బట్టి అది విష్ణుకుండినుల నాటిదని శాసనాలు చదివేవాళ్లు తేల్చారు. అంటే ఇంచుమించు పదిహేను వందల ఏళ్ల కిందటిది. బిరుదుల్లేవు, తేదీ లేదు, దానం లేదు. వచ్చాడు, పేరు చెక్కించుకున్నాడు, పోయాడు.

పేరుతో మొదలుపెట్టడం మంచిదే. లోకంలో చదవడం మరిచిపోయిన లిపులు మళ్లీ నోరు విప్పింది చాలావరకు పేర్లతోనే. ఈజిప్టు గుళ్ల గోడల మీది బొమ్మల రాతను ఆఖరిసారి చెక్కింది క్రీ.శ. 394లో, ఫిలే దీవిలో. ఆ తర్వాత పద్నాలుగు వందల ఏళ్లు దాన్ని చదివే మనిషి భూమ్మీద లేడు. 1799లో ఫ్రెంచి సైనికులకు నైలు ముఖద్వారం దగ్గర రోజెట్టా రాయి దొరికింది. క్రీ.పూ. 196 నాటి ఒకే ఆజ్ఞ దాని మీద మూడు లిపుల్లో ఉంది. అడుగున ఉన్న గ్రీకు అందరూ చదవగలిగిందే. గ్రీకులో టాలెమీ రాజు పేరు వచ్చిన చోట పైన బొమ్మల రాతలో కోడిగుడ్డు ఆకారపు గీత లోపల కొన్ని గుర్తులు కనిపించాయి. రాజుల పేర్ల చుట్టూ ఆ గీత గీస్తారని అర్థమైంది. ఇంగ్లండులో థామస్ యంగ్ కొంత దారి వేశాడు. ఫ్రాన్సులో షాంపోలియన్ మరో రాతిస్తంభం మీది క్లియోపాత్రా పేరును పక్కన పెట్టి చూశాడు. రెండు పేర్లలోనూ ఉన్న ప, ఒ, ల ధ్వనులకు ఒకే గుర్తులు వచ్చాయి. పడుకున్న సింహం బొమ్మ అంటే ‘ల’. 1822లో అతను తన ఫలితాన్ని ప్రకటించాడు.

మన దగ్గరా ఇదే కథ నడిచింది, కాకపోతే కొంచెం ఆలస్యంగా. బ్రాహ్మీని మనమూ మరిచిపోయాం. పద్నాలుగో శతాబ్దంలో ఫిరోజ్ షా తుగ్లక్ అశోకుడి స్తంభాలను ఢిల్లీకి తెప్పించి పండితులను పిలిపిస్తే ఒక్కరూ చదవలేకపోయారు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్‌కు తాళంచెవి దొరికింది సాంచీ స్తూపం కటకటాల మీది చిట్టి రాతల్లో. ప్రతి రాతా చివరకు వచ్చేసరికి అవే రెండు అక్షరాలు, వాటి పక్కన ఒక చుక్క. భక్తులు ఇచ్చిన రాళ్ల మీద చివర ఏ మాట ఉంటుంది? ‘దానం’ అని ఉండాలి. అలా ద, న, సున్న దొరికాయి. మిగిలినవి వాటి వెనకే వచ్చేశాయి.

నిజాం రాజ్యం వంతు 1915లో వచ్చింది. రాయచూరు జిల్లా మస్కిలో, గనుల కోసం తిరుగుతున్న బీడన్ అనే ఇంజినీరుకు ఒక బండ మీద రాత కనిపించింది. అప్పటిదాకా శాసనాల్లో ‘దేవానాంప్రియుడు’, ‘ప్రియదర్శి’ అని మాత్రమే తెలిసిన రాజు, ఆ బండ మీద అశోకుడనే పేరుతో కనిపించాడు. గులాం యజ్దానీ నడిపిన హైదరాబాద్ పురావస్తు శాఖ పుట్టి అప్పటికి ఏడాదే. తన శాసన గ్రంథమాలలో మొట్టమొదటి పుస్తకంగా ఆ మస్కి రాతనే అచ్చువేసింది.

‘ఇచ్చెను’ తెలిస్తే సగం చదివినట్టే

ఈజిప్టు బొమ్మల రాత నేర్చుకోవడం ఇప్పుడు చాలా దేశాల్లో ఉద్యోగులకు, గృహిణులకు, పింఛనుదారులకు సరదా వ్యాపకం. 1927లో గార్డినర్ వ్యాకరణం వచ్చింది. అందులోని జాబితాలో ఏడు వందలకు పైగా గుర్తులున్నాయి. చూస్తేనే గుండె జారుతుంది. 1998లో కోలియర్, మాన్లీ అనే ఇద్దరు సొంతంగా నేర్చుకునేవాళ్ల కోసం ఓ సన్నటి పుస్తకం రాశారు. వాళ్ల ఉపాయం నాకు నచ్చింది. గుర్తులన్నీ బట్టీ పట్టించరు. తిన్నగా ఒక సమాధి రాయి ముందు నిలబెడతారు. అలాంటి రాళ్ల మీద వందల ఏళ్లపాటు ఒకే వాక్యం వస్తుంది: రాజు ఒసైరిస్ దేవుడికి ఇచ్చే కానుక ఇది, ఆ దేవుడు ఫలానా వాడి ఆత్మకు రొట్టెలు, బీరు, ఎడ్లు, పిట్టలు వేయేసి ఇవ్వాలి. ఈ వరస తెలిసినవాడు ఏ మ్యూజియంలోకి పోయినా ముందు రొట్టెను, బీరు కుండను గుర్తుపట్టి, వాటి తర్వాత వచ్చే పేరు దగ్గర ఆగుతాడు. బొమ్మల్లోని మనుషులు, పక్షులు ఏ వైపు మొహం పెడితే ఆ వైపు నుంచి చదవాలి. అచ్చులు రాయరు. మాట చివర ఆ మాట ఏ జాతిదో చెప్పే బొమ్మ ఒకటి పెడతారు. నడకకు సంబంధించిందైతే రెండు కాళ్లు.

గమనించారా? సాంచీలో దానం, నైలు ఒడ్డున కానుక. కామారెడ్డి జిల్లాలో గుడి ముందో చెరువు కట్ట మీదో నిలబడ్డ రాతిశాసనం కూడా నూటికి తొంభై పాళ్లు చెప్పేది అదే: ఎవరో ఎవరికో ఏదో ఇచ్చారు. రాతి మీద చెక్కించడం ఖర్చుతో కూడిన పని. కవిత్వం కోసం ఎవరూ అంత ఖర్చు పెట్టరు. జినవల్లభుడిలాంటి వాళ్లు ఎక్కడో తప్ప. (ఆయన సంగతి తర్వాత.) రేపు తన మనవడో పక్క ఊరి దొరో వచ్చి ఆ మడి నాదంటాడన్న భయంతోనే రాయి నిలబెడతారు. శాసనమంటే భూమి కాగితం. కాబట్టి రిజిస్ట్రేషన్ ఆఫీసులో దస్తావేజుకు ఎలా ఓ అచ్చు ఉంటుందో దీనికీ ఉంది. ఆ అచ్చు తెలిస్తే, అరిగిపోయిన అక్షరం ఏమై ఉంటుందో కన్ను కంటే ముందు బుద్ధి చెబుతుంది.

వరస ఇలా నడుస్తుంది. రాయి నెత్తిన సూర్యుడు, చంద్రుడు, వాటి కింద లింగమో, ఆవూ దూడో. జైనులదైతే కూర్చున్న తీర్థంకరుడు. ఆ సూర్యచంద్రులు అలంకారం కాదు, అవి ఉన్నన్నాళ్లు ఈ దానం చెల్లాలన్న షరతు. ఆ తర్వాత ‘స్వస్తి’. ఆ వెంట రాజు బిరుదులు, ఆయన రాజ్యం చేస్తుండగా అన్న మాట, శకవర్షం, సంవత్సరం పేరు, మాసం, పక్షం, తిథి, వారం. ఏ సంక్రాంతికో గ్రహణానికో ఇచ్చారు. ఎవరు, ఏ దేవుడికి, ఎందుకు: అంగరంగభోగాలకో, అఖండదీపానికో, చెరువు మరమ్మతుకో. ఎంత: ఇన్ని మర్తుర్ల నేల, ఇన్ని పుట్ల విత్తనం పట్టే పొలం, ఇన్ని మాడలు (బంగారు నాణేలు). చెరువు వెనక నీరునేలా, వెలిచేనా (మెట్టా). సరిహద్దులు. చివరికి శాపం. ఈ నేలను కాజేసినవాడు అరవై వేల ఏళ్లు అశుద్ధంలో పురుగై పుడతాడు. ఆంధ్ర, కన్నడ, మహారాష్ట్ర దేశాల్లో ఎక్కడ చూసినా దాదాపు ఇదే సంస్కృత శ్లోకం ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు మొదట ఈ శాపమే చదవాలని నా సలహా. శ్లోకం ముందే తెలుసు గనుక, రాతి మీద ఒక్కో అక్షరానికీ దాన్ని జోడించుకుంటూ పోతే ఒక్క శాసనంతో ముప్పై దాకా అక్షరాలు పట్టుబడతాయి. షాంపోలియన్‌కు గ్రీకు భాగం చేసిన సాయం మనకు ఈ తిట్టు చేస్తుంది.

బిరుదే వేలిముద్ర

ఈజిప్టులో రాజు పేరు చుట్టూ గీత గీస్తారు. మన దగ్గర గీత లేదు, పదాల మధ్య ఖాళీ కూడా లేదు. దాని బదులు పేరుకు ముందు బిరుదుల ఊరేగింపు వస్తుంది. మొదట విసుగనిపిస్తుంది గానీ, అసలు ఉపయోగం అక్కడే ఉంది. ‘సమస్తభువనాశ్రయ శ్రీపృథ్వీవల్లభ’ అని మొదలై ‘చాళుక్యాభరణ’ దాకా పోయిందంటే కళ్యాణి చాళుక్యులు. ‘సమధిగత పంచమహాశబ్ద మహామండలేశ్వర’ వెంట ‘అనుమకొండ పురవరేశ్వర’ వచ్చిందంటే కాకతీయులు. రాజు పేరు ఉన్నచోట రాయి పగిలిపోయినా వంశం దొరుకుతుంది.

ఉమ్మడి నిజామాబాద్ ప్రాంతానికి ఇందులో ఓ చిక్కుంది. ఈ నేల కాకతీయుల చేతికి రాకముందు రాష్ట్రకూటుల కింద, ఆ తర్వాత కళ్యాణి చాళుక్యుల కింద ఉంది. వేములవాడ చాళుక్యులు తొలి రోజుల్లో ఏలింది బోధన్ నుంచే. ఈ రాజుల శాసనాలు ఎక్కువగా కన్నడంలోనో సంస్కృతంలోనో ఉంటాయి. జుక్కల్, మద్నూర్ వైపు పోతే ఇప్పటికీ సంతలో తెలుగు, కన్నడం, మరాఠీ కలిసే వినిపిస్తాయి. రాళ్లు వేరుగా ఎందుకుంటాయి? అక్షరాలు చదవడం వచ్చిందని సంబరపడి ఓ రాయి ముందు కూర్చుంటే, అక్షరం అర్థమవుతుంది, మాట అర్థం కాదు. బెంబేలు పడొద్దు. తెలుగుకూ కన్నడానికీ ఆ రోజుల్లో లిపి ఒకటే. మాటల చివర ‘గళ్’, ‘దేవర్’, ‘ఒళగె’ లాంటివి కనిపిస్తే అది కన్నడమని తెలుసుకుని తెలిసినవాళ్లకు చూపించాలి.

ఈ కలగలుపుకు అందమైన సాక్ష్యం కామారెడ్డికి మరీ దూరం కాదు. కరీంనగర్ జిల్లా కుర్క్యాల దగ్గరి బొమ్మలగుట్ట మీద క్రీ.శ. 945 ప్రాంతంలో జినవల్లభుడు చెక్కించిన రాత ఉంది. ఆయన కన్నడ ఆదికవి పంపడికి తమ్ముడు. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ వాడాడు. అందులో మూడు తెలుగు కందపద్యాలున్నాయి. నన్నయకు నూరేళ్ల ముందే! తెలుగుకు ప్రాచీన హోదా కోసం వాదించినప్పుడు ఆ గుట్ట కూడా సాక్ష్యం చెప్పింది. అన్న కన్నడంలో భారతం రాస్తే తమ్ముడు తెలుగు కందం గుట్టకెక్కించిన ఇంట్లో ఏ భాష మాట్లాడుకునేవారో అని అప్పుడప్పుడూ అనిపిస్తుంటుంది.

అక్షరం పెట్టే తిప్పలు

ఇప్పటి తెలుగు చదవగలవాడికి పదమూడో శతాబ్దపు కాకతీయుల రాత పూర్తిగా కొత్తది కాదు. గంటసేపు చూస్తే క, గ, న, ర, ల బయటపడతాయి. మెలికలు వేరే చోట ఉన్నాయి. ఎ-ఏ, ఒ-ఓ తేడా చూపరు. సందర్భాన్ని బట్టి మనమే సాగదీసుకోవాలి. చ, వ దాదాపు కవలలు. ‘అమ్మ’ను సున్న పెట్టి ‘అంమ’ అని చెక్కుతారు. ‘ధర్మ’ అని రాయకుండా మకారాన్ని రెట్టించి ‘ధర్మ్మ’ అంటారు. ర పొల్లు అక్షరం నెత్తిన కాక పక్కన గిలకలా ఉంటుంది. పాత పుస్తకాల్లో వలపలగిలక చూసిన పెద్దవాళ్లకు ఇది సులువు. ఇంట్లో అలాంటి తాత ఉంటే వెంట తీసుకెళ్లండి. ఇంకా వెనక్కి పోతే, తొలి తెలుగు శాసనంగా చెప్పే కడప జిల్లా కలమళ్ల రాత (క్రీ.శ. 575 ప్రాంతం) కాలానికి, ఇప్పుడు మనకు లేనే లేని ఴ అనే అక్షరం కూడా ఉంది. చోళులను అప్పుడు చోఴులనే రాశారు. మాధవచంద కాలానికి పోవాలంటే బ్రాహ్మీ నుంచే మొదలెట్టాలి. అశోకుడి బ్రాహ్మీలో క అంటే కూడిక గుర్తు, ధ అంటే వింటిబద్ద, వ అంటే చిన్న సున్న మీద నిలువు గీత. తిరుమల రామచంద్ర 1957లో రాసిన ‘మన లిపి: పుట్టుపూర్వోత్తరాలు’ ఈ మార్పులన్నిటినీ ఓపిగ్గా చూపిస్తుంది.

చెక్కేవాడు పండితుడు కాదన్నది మరిచిపోకూడదు. రాసిచ్చినవాడు ఒకడు, ఉలి పట్టినవాడు ఒకడు. అక్షరం జారిపోతే కింద ఇరికించి చెక్కుతాడు. ఒక్కోసారి అదీ చేయడు.

పన్నెండు కలిపి అరవైతో భాగిస్తే

నాకు అన్నిటికంటే ఇష్టమైంది తేదీ. శాసనంలో పొరపాటును పట్టుకునే లెక్క అక్కడుంది. శకవర్షానికి 78 కలిపితే క్రీస్తుశకం వస్తుందని అందరికీ తెలుసు. రామప్ప గుడి కట్టించిన రేచర్ల రుద్రుడి పాలంపేట శాసనం శకం 1135 అంటుంది. 78 కలిపితే 1213. సంవత్సరం పేరు శ్రీముఖ అంటుంది. సరిచూడాలంటే శకసంఖ్యకు 12 కలపండి, 60తో భాగించండి. 1147ను 60తో భాగిస్తే శేషం 7. ప్రభవ నుంచి వేళ్ల మీద లెక్కపెడితే ఏడోది శ్రీముఖ. సరిపోయింది. ఇక హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం తీసుకోండి. శకం 1084, చిత్రభాను, మాఘ శుద్ధ త్రయోదశి, శనివారం. 12 కలిపితే 1096, శేషం 16, పదహారోది చిత్రభాను. బాగుంది. మరి 1084కు 78 కలిపితే 1162 కదా, పుస్తకాలన్నీ 1163 జనవరి 19 అంటాయేం? మాఘం ఇంగ్లిషు కొత్త సంవత్సరం వచ్చాక పడుతుంది. ఉగాది మాత్రం ఇంకా రాలేదు. జనవరికీ ఉగాదికీ మధ్య పడే తేదీలకు 79 కలపాలి. ఈ చిన్న మెలిక తెలియక ఊళ్లలో బోర్డుల మీద ఏడాది తప్పు రాసినవి కనిపిస్తుంటాయి.

కళ్యాణి చాళుక్యుల రాళ్ల మీద శకవర్షమే ఉండకపోవచ్చు. ఆరో విక్రమాదిత్యుడు 1076లో తన పేర కొత్త శకం మొదలుపెట్టాడు. ‘చాళుక్య విక్రమ వర్షం’ అని ఉంటే ఆ అంకెకు 1075 కలపాలి. ఇంకొందరు అంకెలే వేయరు. చంద్రుడంటే ఒకటి, కళ్లంటే రెండు, వేదాలంటే నాలుగు, బాణాలంటే అయిదు. వాటిని కుడి నుంచి ఎడమకు పేర్చుకోవాలి. వీటన్నిటికీ ముందు తెలుగు అంకెలు రావాలి. ౧, ౨, ౩ చదవలేని తరం వచ్చేసింది. బడిలో అరపూట చాలు వాటికి.

వెలుతురు, నీళ్లు, కాగితం

మిట్టమధ్యాహ్నం శాసనం ముందు నిలబడటం దండగ. ఎండ నెత్తిన ఉంటే అక్షరపు గాడిలో నీడ పడదు, రాయంతా ఒకటిగా కనిపిస్తుంది. పొద్దున్నే పోవాలి, లేదా దీపాలు పెట్టే వేళ. ఇంకా మంచిది చీకటి పడ్డాక ఫోన్ లైటును రాతికి దాదాపు ఆనించి పక్క నుంచి వేయడం. పగలు కనబడని వరస అప్పుడు లేచి నిలబడుతుంది. లైటును కుడి నుంచి ఒకసారి, ఎడమ నుంచి ఒకసారి, కింద నుంచి ఒకసారి తిప్పి ఫొటోలు తీసుకుంటే ఇంటికొచ్చి తీరిగ్గా చదువుకోవచ్చు.

పురావస్తు శాఖ వాళ్లు తీసే అచ్చు వేరు. రాతిని నీళ్లతో కడిగి, తడిపిన కాగితం పరిచి, బ్రష్షుతో కొట్టి గాళ్లలోకి దింపుతారు. సగం ఆరాక మసి పూసిన మెత్తతో పైపైన అద్దుతారు. ఉబ్బిన చోట నల్లన, గాడి తెల్లన. ‘లక్ష్మణరాయ పరిశోధక మండలి’ 1935లో ‘తెలంగాణా శాసనములు’ మొదటి సంపుటం తెచ్చింది. ఫొటోలు తీసుకోవడం ఇంత సులువు కాని రోజుల్లో ఊరూరా తిరిగి సేకరించిన పని అది. బి.ఎన్. శాస్త్రి నల్గొండ నుంచి, పరబ్రహ్మశాస్త్రి ప్రభుత్వ పురావస్తు శాఖ నుంచి ఆ పనిని ముందుకు తీసుకుపోయారు. ఇప్పుడు ఉపాధ్యాయులు, విద్యార్థులు ఆదివారాలు పొలాల వెంట తిరిగి ఫొటోలు పంపుకుంటున్నారు. మాల్‌తుమ్మెద రాత అలాంటి తిరుగుళ్లలో బయటపడిందే.

మంచి ఉద్దేశంతో జరిగే నష్టమూ ఉంది. అక్షరాలు బాగా కనిపించాలని సున్నం కొడతారు, ఎనామిల్ రంగు పూస్తారు, ఇనుప బ్రష్షుతో గీకుతారు. దేవుడి రాయని నూనె, పసుపు పట్టిస్తారు. రంగు వేసేవాడు తనకు తోచిన గీతను అక్షరం చేస్తాడు. ఆ తర్వాత వచ్చినవాడు చదివేది రాతిని కాదు, పెయింటర్‌ను.

బంగారం ఎక్కడుంది?

హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియానికి బడిపిల్లలను బస్సుల్లో తీసుకుపోతారు. కామారెడ్డి నుంచీ పోతారు. అందరూ ఎగబడేది ఈజిప్టు మమ్మీ దగ్గర. ఆరో నిజాం అల్లుడు కొని తెప్పించాడని, 1930లో మ్యూజియానికి చేరిందని చెబుతారు. పిల్లలకు అది చూపించాల్సిందే. అదే ఆవరణలో తెలంగాణ ఊళ్ల నుంచి తెచ్చిన శాసనాల రాళ్లూ ఉన్నాయి. వాటి ముందు ఎవరూ ఆగరు. తెలుగు వచ్చిన పిల్లవాడు మమ్మీ పెట్టె మీది రాతను చదవాలంటే ఏళ్లు పడుతుంది. బయటి రాయిని చదవడానికి ఓ వేసవి సెలవులు సరిపోతాయి. టీచర్లు ఈ తేడా చెప్పకపోవడం నాకు మింగుడు పడదు.

చదవని రాయి మీద జనం కథ అల్లుతారు. మన ఊళ్లలో ఆ కథ ఎప్పుడూ ఒకటే: అండ్ల బంగారం జాడ రాసి ఉన్నది. అలా నమ్మి రాత్రిపూట పాడుబడ్డ గుళ్లలో లింగాలు పెకలించినవాళ్లు, నంది కడుపు పగలగొట్టినవాళ్లు తెలంగాణ అంతటా కనిపిస్తారు. శాసనాన్నే రెండు ముక్కలు చేసి కింద తవ్వుతారు. అందులో రాసి ఉన్నది మర్తుర్ల లెక్క, దీపానికి నూనె లెక్క, తూర్పున వాగు, పడమర పుట్ట. బంగారం ఊసు ఉంటే అది దాతలు అప్పటికే ఇచ్చేసిన నాలుగు మాడలే. ఇక చివర ఉన్నదేమో వాళ్లను ఉద్దేశించే రాసిన ఆ అరవై వేల ఏళ్ల శాపం. అది చదవగలిగి ఉంటే గడ్డపార పట్టేవాళ్లా అంటే, చెప్పలేం. దాన్ని చదివి కూడా నేల కాజేసిన దొరలు ఉండబట్టే కదా రాజు మారినప్పుడల్లా మళ్లీ కొత్త రాయి నిలబెట్టింది.

దోమకొండ కోట సంరక్షణకు 2022లో యునెస్కో ఆసియా–పసిఫిక్ వారసత్వ అవార్డు వచ్చింది. లింగంపేట నాగన్నబావి మెట్లు మళ్లీ జనం కళ్లబడ్డాయి. పెద్ద కట్టడాలకు ఎప్పటికైనా దిక్కు దొరుకుతుంది. పొలం గట్టు మీది రాయికి రైతే దిక్కు. చదును చేసేటప్పుడు ట్రాక్టరుకు రాతి ముక్క తగిలి, దాని మీద వరసలుగా గీతలు కనిపిస్తే ఫొటో తీయండి, పక్కన స్కేలో పెన్నో పెట్టండి, సర్వే నంబరు రాసుకోండి, పురావస్తు శాఖకో దగ్గరి కాలేజీ చరిత్ర లెక్చరర్‌కో పంపండి. శాసనం చెప్పే వాగూ చెరువూ ఇప్పటికీ ఆ చుట్టుపక్కలే ఉంటాయి. అక్కడుంటేనే వాటిని సరిపోల్చుకోగలం. అందుకని రాయిని మాత్రం ఇంటికి తేకండి.